రసీదు వెనక రాసిన మాట

జూన్ 23, సోమవారం

ఇవాళ కొత్త ఉద్యోగంలో చేరి, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు అన్నీ ఇచ్చి వచ్చాను. తీసుకున్నట్టు వాళ్లు కాగితం ఏమీ ఇవ్వలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఈ నోట్‌బుక్ కొన్నాను. ఏమేమి ఇచ్చానో, ఎవరి చేతికి ఇచ్చానో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

పదో తరగతి మెమో. ఇంటర్ మెమో. డిగ్రీ ప్రొవిజనల్, మూడేళ్ల మార్కుల మెమోలు. కాలేజీ టీసీ. కుల ధ్రువీకరణ పత్రం. అన్నీ నీలం ఫైలులో పెట్టి, మధ్యాహ్నం పన్నెండు దాటాక సురేందర్ సార్ చేతికి ఇచ్చాను. ప్లాట్లు అమ్మే ఈ కంపెనీ నిజామాబాద్ ఆఫీసుకు ఆయనే మేనేజరు. "హెడ్డాఫీసుల వెరిఫికేషన్ ఉంటది అమ్మా. సేఫ్‌గ ఉంటయ్" అని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. సంవత్సరం పనిచేస్తానని బాండు మీద సంతకం కూడా పెట్టించుకున్నారు.

దాచకుండా రాయాలి కదా. ఇచ్చేటప్పుడు భయం వేయలేదు. సంతోషం వేసింది. ఆత్మారాం సేఠ్ మ్యాచింగ్ సెంటర్‌లో నాలుగేళ్లు పనిచేశాను. చీర తెస్తే దానికి తగిన బ్లౌజు పీసు, ఫాల్, లైనింగు తీసివ్వడం పని. అక్కడ చేరేటప్పుడు సేఠ్ అడిగింది ఒక్కటే, నిచ్చెన ఎక్కుడు వస్తదా అని. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. డిగ్రీ చేతికి వచ్చి రెండేళ్లయింది. దాన్ని చూపించమని అడిగిన మొదటి మనిషి సురేందర్ సార్. ఒక్కో మెమో తీసి, మార్కులు పైకి చదివి, "ఫస్ట్ క్లాసా, మంచిగుంది" అన్నారు. ఆ మాటకి ఇంకా ఏమన్నా ఉంటే అవీ ఇచ్చేసేదాన్ని.

ఈ నోట్‌బుక్ దాచాల్సిన పనిలేదు. టీవీ పక్కన పెట్టినా ఫరవాలేదు. మా ఇంట్లో చదివేవాళ్లు లేరు.

జూన్ 24

ఆఫీసులో నాకో కుర్చీ ఉంది. పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నాను. సాయంత్రానికి నడుము పట్టేసింది. నాలుగేళ్లు నిలబడ్డ కాళ్లకు ఏం చేయాలో తోచడం లేదు.

జూన్ 26, గురువారం

ట్రెయినీలం ఇద్దరమే. నేనూ మదీహా. వాళ్లది ఊళ్లో పాత కుటుంబం, తాత కాలం నుంచి గడియారాలు బాగుచేసేవాళ్లు. ఆమె మొబైల్ షాపు కౌంటరు నుంచి వచ్చింది. ఇద్దరమూ అమ్మకాలు తెలిసినవాళ్లమే కాబట్టి నేర్చుకోవడం సులువు అని సార్ అన్నారు.

ఇవాళ్టి పాఠం: మాకు తెలిసిన వంద మంది పేర్లు రాయడం.

"అత్త, మామ, సదువు చెప్పిన సారు, పాలు పోసేటోడు, ఎవరినీ ఇడ్సిపెట్టకుండ్రి" అన్నారు సార్. "తెల్వనోడు మనను నమ్మడమ్మా. తెల్సినోడే నమ్ముతడు. మీ మార్కెట్ అంటే గదే."

నా లిస్టు అరవై మూడు దగ్గర ఆగిపోయింది. చర్చి వాళ్లు, మా గల్లీ వాళ్లు అయిపోయాక షాపుకు వచ్చేవాళ్లను రాశాను. పేర్లు తెలియవు. 'ఆకుపచ్చ గద్వాల టీచరమ్మ', 'తెల్ల లైనింగుల నర్సక్క', 'బేరమాడని మేడం' అని రాశాను.

మదీహా తొంగిచూసి పడీపడీ నవ్వింది. "గిట్ల రాస్తే ఫోన్ల ఏమంటవ్? హలో, ఆకుపచ్చ గద్వాలా?"

నా లిస్టులో మొదటి పేరు అజీజా ఖాలా. పిన్నిలాంటిది కాబట్టి ఖాలా అంటాను. దర్జీ పని చేస్తుంది. వారానికి రెండుసార్లు గుడ్డ ముక్కలు పట్టుకుని షాపుకు వచ్చేది. నేను తీసిన పీసును ట్యూబులైటు కింద ఎప్పుడూ ఒప్పుకోలేదు, రోడ్డు మీదికి తీసుకుపోయి ఎండలో పెట్టి చూసేది. డిగ్రీ ఆఖరి పరీక్షలకు సేఠ్ సెలవు ఇవ్వనంటే కౌంటరు ముందు బైఠాయించి కొట్లాడింది. "పోరి పరీక్ష రాస్తే నీ దుకాన్ల రంగులు ఎలిసిపోతయా?" అంది. ఆయన ఇచ్చాడు.

ఆమె పేరు మొదట ఎందుకు రాశానో నాకు తెలుసు. ఫోను చేస్తే ఎత్తుతుందని.

జూలై 1

'కొనండి' అనకూడదు. 'చూడండి' అనాలి. చూడడానికి పైసలు లేవు అనాలి. బస్సు వస్తుందా అంటే వస్తది. కరెంటు పడుతుందా అంటే పడుతది. బోరు నీళ్లు తియ్యగా ఉంటాయా అంటే చక్కెర కలపాల్సిన పనే లేదు. ఇక్కడ 'లేదు' అనే మాట లేదు.

మ్యాచింగ్ సెంటర్‌లో రోజుకు పదిసార్లన్నా ఆ మాట అనేదాన్ని. ఈ రంగుకు మా దగ్గర లేదమ్మా, పక్క దుకాణంలో చూడు అని. వాళ్లే మళ్లీ నా దగ్గరికి వచ్చేవాళ్లు.

జూలై 5, శనివారం

మొదటి సైట్ విజిట్. బోధన్ రోడ్డు మీద, మా ఇంటికి పోయే దారిలోనే. వెంచరు పేరు 'చెరుకుతోట ఎన్‌క్లేవ్'. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు వేసేవాళ్లు తగ్గిపోయారు, ఆ తోట తీసేసి ప్లాట్లు చేశారు, పేరు మాత్రం ఉంచారు. మొరం పోసిన రోడ్లు, తెల్లసున్నం వేసిన హద్దురాళ్లు, రంగురంగుల జెండాలు, టెంటు కింద బగారా అన్నం.

కస్టమర్ల వ్యాను రాకముందే నన్నూ మదీహానూ తీసుకుపోయారు. కోసేసిన చెరుకు మొదళ్లు మొరంలోంచి మళ్లీ చిగురు వేశాయి. కనబడకుండా పీకేయమన్నారు. కిందివైపు వరసలోనే ఎక్కువ ఉన్నాయి. పీకితే తడిమట్టి ముద్దతో సహా ఊడి వచ్చాయి. చేతులకు కోసుకుపోయింది.

సార్ అన్నారు, "చెరుకు మంచిగ మొలుస్తుందంటే భూమి బంగారం అన్నట్టు అమ్మా. గట్లనే చెప్పాలె."

జూలై 6, ఆదివారం

ఆరాధన అయ్యాక చర్చి ముందు ఎవరూ నా పక్కన ఆగలేదు. అందరికీ ఫోన్లు చేసి ఉన్నాను.

జూలై 12, శనివారం

నా మొదటి అమ్మకం.

అజీజా ఖాలా వచ్చింది. వ్యానులో నా పక్కనే కూర్చుంది. దారి పొడుగునా నా చున్నీ అంచు పట్టుకుని చూస్తూ, "గిది ఎవరు కుట్టిండ్రే? నేనైతే కాదు. దారం ఇంత లూజు" అంటూనే ఉంది. ఇరవై ఏళ్లుగా కిరాయి ఇంట్లో ఉంటోంది. కుట్టుమిషన్ గోడకు ఆనించి పెట్టినా ఇంటివాళ్లు గోడ ఖరాబవుతుందని అంటారట. సొంత గోడ ఒకటి కావాలి, అంతే అంది.

సార్ కిందివైపు వరసలో పదిహేడో నంబరు చూపించారు. మిగతావాటికంటే కొంచెం తక్కువకు వస్తుందన్నారు. ఖాలా ఆయన చెప్పిందంతా విని, ఆయనను వదిలి నావైపు తిరిగింది.

"హెప్సీ, నువ్వు జెప్పు బేటా. తీస్కుందునా?"

"తీస్కో ఖాలా" అన్నాను. "మంచిగుంటది."

ఆఫీసుకు వచ్చి అడ్వాన్సు కింద బయానా ఇచ్చింది. నేనే రసీదు నింపాను. సార్ సంతకం పెట్టి, ఫోను మోగితే బయటికి పోయారు. ఖాలా రసీదు అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు మనసుకు రాకుంటే ఎట్లనే?" అని నవ్వింది.

నేను రసీదు తీసుకుని వెనక్కి తిప్పి రాశాను: మార్పిడి 7 రోజులు. రసీదు తేవాలి. కింద 'హె' అని పొట్టి సంతకం.

నాలుగేళ్లు ప్రతి బిల్లు వెనకా అదే రాశాను. ఆ ప్రశ్న వినగానే చెయ్యి దానంతట అదే రాసేసింది. ఖాలా కూడా వింతపడలేదు. ఎన్ని పీసులు అలా మార్చుకుని పోలేదు! మడిచి పర్సులో పెట్టుకుంది.

బోధన్ బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, నేను అమ్మింది బ్లౌజు పీసు కాదని. ఫరవాలేదు. ఆమె ఏం మార్చుకోదు. మార్చుకున్నా బోలెడు ప్లాట్లు ఖాళీగా ఉన్నాయి.

జూలై 13, ఆదివారం

అమ్మానాన్నలకు, అదే మా అవ్వకూ బాపుకూ, నా మొదటి అమ్మకం అని చెబితే బాపు ముఖం వెలిగిపోయింది. ఎక్కడ, ఏ దిక్కు అని అడిగాడు. అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. నేను తునికాకు ముక్కలు తీసుకుని నేల మీద ప్లాట్లలాగా పేర్చి చూపించాను.

"ఆకు ఖరాబ్ జెయ్యకే" అని అవ్వ కసిరింది.

బాపు ఒక ముక్క మీద వేలు పెట్టాడు. పదిహేడు మీదే. "గిది పల్లం బిడ్డా. కాలువ ఇడ్సినప్పుడు వాన గిట్ల తోడైతే గీడ నీళ్లు నిలుస్తయ్. మోకాళ్ల దాంక దిగవడి చెరుకు గొట్టినం. నాకు ఎర్కలేదా?"

బోధన్ చుట్టుపక్కల బాపు చెరుకు కొట్టని పొలం లేదు. ఇప్పుడు పసుపు యార్డులో హమాలీ.

లెవెల్ చేశారు బాపూ, మొరం పోశారు అని చెప్పాను. ఊ అన్నాడు.

పాత మాట. అప్పటి పొలం వేరు. ఇప్పటి వెంచరు వేరు.

జూలై 14

లెవెల్ చేశారు. కళ్లారా చూశాను.

జూలై 15

వాన. ఖాలాకు ఫోను చేద్దామనుకున్నాను. ఏమని చేస్తాను?

జూలై 16

వాన. కాలువ కూడా వదిలారట. లెవెల్ చేశారు కదా.

జూలై 17, గురువారం

ఖాలా వచ్చింది. బురఖా అంచు నుంచి మోకాళ్ల దాకా బురద. ఆటో మాట్లాడుకుని ఒక్కతే వెంచరుకు పోయి చూసి వచ్చిందట. వచ్చీ రావడంతోనే రసీదు తీసి, వెనకవైపు పైకి పెట్టి సార్ టేబుల్ మీద వేసింది.

"పదిహేడు మునిగింది. హద్దురాయి తల గూడ కనవడ్తలేదు. మార్చి ఇయ్యి. ఏడ్రోజులు గాలె, ఇయ్యాల్టికి ఐదే."

సార్ వెనక రాసింది చదివారు. మళ్లీ చదివారు. నావైపు చూశారు. అప్పుడు నవ్వారు.

"ఏందమ్మా హెప్సిబా, ఇది బ్లౌజు పీసా, ఏడ్రోజులల్ల మార్సుకునేతందుకు?"

మదీహా కంప్యూటరు వెనక తల దించుకుంది. సార్ ఖాలాకు కుర్చీ వేయించి చాలా మర్యాదగా మాట్లాడారు. కొత్త పిల్ల తెలియక రాసిందన్నారు. కంపెనీలో అటువంటి రూలు లేదన్నారు. ఆగస్టు పన్నెండు లోపల రెండో కిస్తు కట్టకపోతే బయానా కూడా పోతుందన్నారు.

"నువ్వు ఒప్పుకుంటవో లేదో నీ ఇష్టం" అంది ఖాలా. "రాసింది మాత్రం నీ టేబుల్ మీదనే, నీ పెన్నుతోనే."

రసీదు తీసి పర్సులో పెట్టుకుని లేచింది. నన్ను తిడుతుందని గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా ముందు ఆగింది.

"అన్నం తిన్నవా?" అంది. పోయింది.

జూలై 18, శుక్రవారం

సార్ లోపలికి పిలిచారు. టీ తెప్పించారు. బీరువా తెరిచి నా నీలం ఫైలు తీసి టేబుల్ మీద, నా చెయ్యి అందేంత దూరంలో పెట్టారు.

"ఆమె తానికి పోయి, రసీదు మీద రౌండు స్టాంపు పడలేదు, వేయించి తెస్త అని చెప్పి తీస్కరా. కొత్త రసీదు ఇద్దం. ముందల అన్నీ గవే ఉంటయ్, వెనక మాత్రం ఖాళీ. గంతే పని."

"తెస్తే?"

"తెచ్చిన రోజే నీ ఫైలు నీకు. ఉండబుద్ధయితే ఉండు, లేకుంటే పో."

"తేకపోతే సార్?"

"బాండు మీద సంతకం పెట్టినవ్ గదమ్మా. సంవత్సరం. నడుమల ఇడ్సిపెట్టిపోవుడు లేదు. పోతే ఫైలు హెడ్డాఫీసుల ఉంటది. హైదరాబాద్ పోయి అడుక్కోవాలె."

ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేది. టీ తాగాను. మెమో అంచు ఫైలులోంచి కొంచెం బయటికి వచ్చి ఉంది. లోపలికి తోయాలనిపించింది. తోయలేదు.

జూలై 19, శనివారం

మధ్యాహ్నం అన్నం వేళకు ఆత్మారాం సేఠ్ దగ్గరికి పోయాను. నా నిచ్చెన మీద వేరే అమ్మాయి ఉంది. సేఠ్, "రా రా మేడం, ప్లాట్లు అమ్ముతున్నవట. నాకు గిట్ల ఏమన్న ఇస్తవా?" అని నవ్వాడు. మళ్లీ పనిలో పెట్టుకుంటారా అని అడిగితే దసరాకు చూద్దాం అన్నాడు. బస్టాండు దగ్గర ఒక ఆసుపత్రిలో రిసెప్షనుకు మనిషి కావాలని బోర్డు చూసి లోపలికి పోయాను. ఒరిజినల్స్ తెచ్చావా అని అడిగారు.

నా దగ్గర ఇప్పుడు ఆధార్ కార్డు ఒక్కటే ఉంది. దాన్ని చూపించి ఆడవాళ్ల ఫ్రీ బస్సు ఎక్కుతున్నాను, దిగుతున్నాను. బోధన్ నుంచి నిజామాబాద్, నిజామాబాద్ నుంచి బోధన్.

జూలై 20, ఆదివారం

వట్టి కాగితం ముక్క. కొత్తది ఇస్తారు. ఆమెకు పోయేదేమీ లేదు. ఎట్లాగూ మార్చనన్నారు కదా.

జూలై 21, సోమవారం

పోయాను.

ఖాలా మిషన్ మీద ఉంది. పెళ్లి ఆర్డరు, నేలంతా గులాబీరంగు ముక్కలు. నేను గుమ్మంలోనే నిలబడి సార్ చెప్పిన మాట అప్పజెప్పాను. రౌండు స్టాంపు. వేయించి తెస్తాను.

"స్టాంపా?" అంది. పర్సు తీసి, రసీదు తీసి, ఒకసారి చూసి ఇచ్చింది. మళ్లీ, "ఆగు, వాన పడుతుంది" అని లేచి వెతికి ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చింది. "ఛాయ్ తాగి పో" అంది. నేను ఆలస్యమవుతుందన్నాను.

రసీదు ఇప్పుడు ఈ పేజీల మధ్య ఉంది. కవరు తీయలేదు. బస్సు ఆలస్యమైంది కాబట్టి ఆఫీసుకు పోలేదు.

జూలై 22, మంగళవారం

బస్సు ఆలస్యం కాలేదు. ఖాలా ఇంటి నుంచి ఆఫీసు పది నిమిషాల నడక. నేను బోధన్ బస్సు ఎక్కి ఇంటికి వచ్చేశాను.

ఇవాళ జ్వరమని సార్‌కు మెసేజ్ పెట్టాను. జ్వరం లేదు. 'ఓకే. రెస్ట్ తీసుకో. ఫైల్ రెడీ' అని జవాబు వచ్చింది.

పొద్దుగూకే వేళ బాపు యార్డు నుంచి వచ్చాడు, ఒళ్లంతా పసుపు. నేను గడప మీద కూర్చుని రాస్తున్నాను.

"రోజు ఏం రాస్తున్నవ్ బిడ్డా? జర సదువు, ఇంటం" అన్నాడు.

చదివాను. ఆఫీసులో అంతా బాగుంది, సార్ మెచ్చుకున్నారు, రెండో ప్లాటు కూడా కుదిరేటట్టు ఉంది. పేజీ మీద వేలు జరుపుతూ చదివాను, బడిలో చదివినట్టు.

బాపు అంతా విన్నాడు. ముందుకు వంగి నోట్‌బుక్ వైపు చూశాడు. "పేజీ నిండ రాసినవ్. సదివింది నాలుగు మాటలేనా?" అన్నాడు.

అప్పుడు చెప్పేశాను. అంతా. పల్లం దగ్గర నుంచి ప్లాస్టిక్ కవరు దాకా.

అవ్వ చేతిలో బీడీ ఆపలేదు. "గా కాయిదం ఇచ్చేస్తే నీ కాయిదాలు ఇస్తనన్నడు గద" అంది. "ఇచ్చెయ్. అయిపాయె."

"అవ్వా, ఖాలా నన్ను నమ్మి..."

"నాకు చెప్పకు. ఎన్ని వేల బీడీలు జేస్తే గా సర్టిఫికెట్లు వచ్చినయో నీకు ఎర్కనా? గా ఖాలా జేసిందా? నేను జేసిన. నా ఏళ్లు సూడు." చెయ్యి చాపింది. చూడక్కరలేదు. ఆ వేళ్లు నాకు తెలుసు.

బాపు స్నానానికి లేచిపోయాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినబడింది.

జూలై 23

అవ్వ అన్నది తప్పు అని రాయాలని కూర్చున్నాను. రాయలేకపోయాను.

జూలై 24, గురువారం

మదీహా ఫోను చేసింది. సార్ రోజూ అడుగుతున్నారట. ఆ మాట ఈ మాట అయ్యాక గొంతు తగ్గించింది.

"పంతొమ్మిదో ప్లాటు ఎవరిదో ఎర్కనా నీకు? మా ఫుప్ఫుది, మా నాయిన చెల్లెది. నేనే తీపిచ్చిన. నిన్న సూశి వచ్చింది, ఏడుస్తుంది. సార్‌ను అడిగితే ఏమన్న రాసిచ్చినమా అన్నడు." మళ్లీ తనే అడిగింది. "హెప్సీ, నేను కరెక్టుగ జేసిన గద? రూలు ప్రకారం ఏం రాయలే. నాకే గిప్పుడు ఏం లేదు. గా మొత్తం వరసల రాతల ఉన్నది నీదొక్కటే."

జ్వరం వచ్చినట్టే ఉంది. నిజంగా.

జూలై 25, శుక్రవారం

నిజామాబాద్‌లో దిగి నేరుగా ఖాలా ఇంటికి పోయాను. ఈసారి లోపలికి పోయి కింద కూర్చున్నాను. కవరు ఆమె చేతికి ఇచ్చాను. స్టాంపు అబద్ధమని, సార్ తెమ్మన్నారని, ఇస్తే నా సర్టిఫికెట్లు ఇస్తానన్నారని, బాపు పల్లమని చెప్పినా నేను ఫోను చేయలేదని చెప్పాను.

ఖాలా కవరులోంచి రసీదు తీసి, ముందువైపు నాకు చూపించింది. సార్ సంతకం మీద గుండ్రంగా, నీలంగా, స్టాంపు. మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. నాలుగు రోజులు నా నోట్‌బుక్‌లో ఉన్నా నేను చూడలేదు.

"నాకు తెలుగు సదువ రాదు" అంది. "ఉర్దూ ఒక్కటే వస్తది. గని దర్జీదాన్నే. అంగికి గుండీ ఉన్నదో లేదో నాకు కనవడదా?"

"మరి ఎందుకిచ్చినవ్ ఖాలా?"

"నీ మొకం సూశి ఇచ్చిన. తెస్తదా, తేదా అని." దారం పళ్లతో తెంపింది. "నాలుగు రోజులు బట్టింది నీకు. ఇయ్యాల రాకుంటే రేపు బజార్ల నీ పేరు మీద డప్పు కొట్టిద్దమనుకున్న."

నవ్వబోయి ఏడ్చాను. ఆమె పట్టించుకోలేదు. రసీదు తిప్పి, "ఎనక ఏం రాసినవో జర సదువు. అందరు సదివిండ్రు, నేను ఇనలే" అంది.

చదివాను. మార్పిడి ఏడు రోజులు. రసీదు తేవాలి.

"మంచిగనే రాసినవ్ గద" అంది. "ఇప్పుడేం జేస్తవ్?"

"తెల్వదు ఖాలా. నా ఫైలు ఇంక ఇయ్యడు."

"నేను గట్టిగ మాట్లాడుతె నల్లా కాడ కొట్లాట అంటడు. నువ్వు సదువుకున్నదానివి. కాయిదం మీద అడుగు."

జూలై 26

అవ్వ నాతో మాట్లాడడం లేదు. పొద్దున టిఫిను డబ్బా మాత్రం కట్టి గడప దగ్గర పెట్టింది. శనివారం కదా, ఆఫీసుకు పోతున్నాననుకుంది. నేను లైబ్రరీకి పోయి ఉత్తరం రాశాను. మూడుసార్లు చించాను. ఒకదానిలో అంతా కంపెనీదే తప్పని రాశాను. ఇంకోదానిలో నన్ను క్షమించమని రాశాను.

జూలై 28, సోమవారం

ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఒక ప్రతి ఖాలాకు, ఒకటి మదీహాకు ఇచ్చాను. బాపుకు చదివి వినిపించాను, ఉన్నది ఉన్నట్టు. తన సంగతి వచ్చినచోట ఆపి, "పదకొండేండ్లు అని రాయి. ఊకె శాన ఏండ్లు అంటే ఎవరు నమ్ముతరు?" అన్నాడు. దిద్దాను. అవ్వ వింటూనే ఉంది, చేతిలో పని ఆగింది.

నకలు:

సురేందర్ సార్ గారికి, ట్రెయినీ హెప్సిబా రాయునది.

జూలై 12న పదిహేడో నంబరు ప్లాటు బయానా రసీదు వెనక 'మార్పిడి 7 రోజులు' అని రాసింది నేనే. మన ఆఫీసు టేబుల్ మీద, ఆఫీసు పనిలో ఉండగా రాశాను. పాత అలవాటు కొద్దీ రాసినా, కస్టమరుకు ఇచ్చిన మాట మాటే. అజీజా బేగం గారు ఐదో రోజునే వచ్చి మార్చమని అడిగారు. రసీదు ఆమె దగ్గరే ఉంది. రౌండు స్టాంపు దాని మీద మొదటి నుంచీ ఉంది.

ఆ వరసలో నీళ్లు నిలుస్తాయని జూలై 13న మా బాపు ఏసుబాబు నాకు చెప్పాడు. ఆ దిక్కు పొలాల్లో ఆయన పదకొండేళ్లు చెరుకు కొట్టాడు. విని కూడా నేను ఆమెకు ఫోను చేయలేదు. ఆ తప్పు నాది. దాన్ని కంపెనీ మీద పెట్టడం లేదు.

ఆమెకు మిట్టమీది వరసలో ప్లాటు మార్చి ఇవ్వండి, లేదా బయానా వాపసు ఇవ్వండి. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు నాకు ఇవ్వండి. ఇవి రెండు వేరు వేరు సంగతులు. ఒకదానికి ఒకటి బదులు కాదు.

బాండు ప్రకారం సంవత్సరం దాకా నేను మానడానికి లేదని మీరు చెప్పారు. సరే. రేపటి నుంచి రోజూ పదింటికి పనికి వస్తాను. సైటుకు వచ్చిన ప్రతి ఒక్కరినీ పదిహేడు, పంతొమ్మిది ఉన్న వరస దాకా నడిపించి చూపిస్తాను. వానలో కూడా. చూపించడమే కదా నా పని.

రెండో కిస్తుకు మీరు ఆమెకు పెట్టిన గడువు ఆగస్టు 12. కాబట్టి ఆగస్టు 11, సోమవారం సాయంత్రం లోగా, కాగితం మీద, మీ సంతకంతో నాకు జవాబు ఇవ్వగలరని కోరుతున్నాను.